పెరటి తనిఖీ

పొద్దుటి పూట. ఇంటి వెనక పెరట్లో రిటైరైన టికెట్ కలెక్టరూ, కొడవలి పట్టుకున్న ఆయన కోడలూ.

“మరి చలికాలంలో వచ్చే పిట్ట, మావయ్యా? తోక ఆడిస్తూ తిరుగుతుందన్నారే?”

“జిట్టంగి. దాని తోక ఒక్క క్షణం ఊరుకోదమ్మాయ్. పరీక్ష రాసేవాడి మోకాలు చూశావూ, అలా ఆడుతూనే ఉంటుంది.”

“అదెక్కడ కూర్చుంటుంది?”

“కూర్చోదు, నడుస్తుంది. అదిగో, నువ్వు బట్టలుతికిన నీళ్ళు పోయి నిలబడతాయి చూడు, ఆ మడుగు చుట్టూతా. తడిమట్టిలో పురుగులుంటాయి దానికి.”

“ఛీ, ఆ మురికి మడుగా! సాయంత్రం వచ్చే ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది? పూడ్చేద్దాం మావయ్యా. ఇటుకముక్కలు నేను తెస్తా, మీరు పార పట్టండి.”

“పూడ్చడమంటే... చలికాలానికి అది వచ్చి...”

“చలికాలం మాట చలికాలంలో. ఇవాళ వచ్చేది జిట్టంగి కాదు, పిట్టల సంఘం మేడమ్. ఆవిడ కాలు అందులో పడిందంటే మన గేటుకి బోర్డు తగిలిస్తుందా, మనల్ని తిట్టిపోస్తుందా?”

“అదీ నిజమే. పార ఎక్కడ?”

“ఇదిగో.”

“నీకున్న పట్టుదలలో సగం మావాడికి లేదమ్మాయ్. వాడేమన్నాడో విన్నావుగా? ‘ఆవిడొచ్చి ఇది పిట్టల పెరడే అని బోర్డిస్తే సరే నాన్నా, ఒక్క ఇటుక కూడా పెట్టను. ఇవ్వలేదో, సోమవారం మేస్త్రీ వచ్చి మీ కోడలి కుట్టుగదికి పునాది తవ్వుతాడు’ అని.”

“విన్నాను.”

“గది వస్తే లాభం నీకే. వంటింటి గుమ్మంలో మిషను పెట్టుకుని, దాటేవాళ్ళు దాటుతుంటే కాళ్ళు ముడుచుకుని కుడుతుంటావు. అయినా కొంగు బిగించి నా పక్షాన నిలబడ్డావు. నేనైతే ఆ పని చెయ్యలేను.”

“ఊరుకోండి మావయ్యా. ఆ... ఆ ఎండుకొమ్మ మీద ఏదో వాలుతుందన్నారు?”

“పసిరిక పిట్ట. వానలు తగ్గాయంటే దిగిపోతుంది. ఒళ్ళంతా పచ్చన, తోక చివర సూదిలాంటి పుల్ల. తేనెటీగని గాల్లోనే పట్టుకొచ్చి, కొమ్మకేసి బాది, కొండి ఊడగొట్టి మరీ మింగుతుంది. నిన్న సాయంత్రం కూడా వచ్చింది.”

“ఆ కొమ్మే కావాలా? జామచెట్టు మీద వాలదా?”

“ఆకులుంటే దానికి పనికిరాదు. నాలుగు పక్కలా కనబడాలి. నా ఉద్యోగంలో ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను! బోగీ అంతా ఖాళీగా ఉన్నా ఆ కిటికీ పక్క సీటే కావాలంటారు.”

“అయితే రంపం తెస్తానుండండి.”

“రంపమెందుకూ?”

“ఎండుకొమ్మ మావయ్యా! ఆవిడ సరిగ్గా దాని కిందే నిలబడి పైకి చూస్తుంది. నెత్తిన పడిందనుకోండి, బోర్డు సంగతి దేవుడెరుగు, ఆస్పత్రికి మనమే మొయ్యాలి.”

“మొన్నటి గాలివానకే పడలేదది.”

“మొన్న పడనిది ఇవాళ పడకూడదని ఎక్కడైనా రాసుందా? నిచ్చెన పట్టుకోండి, నేనెక్కుతా.”

“వద్దొద్దు, నేనే ఎక్కుతా. గట్టిగా పట్టుకో... ఇంకొంచెం ఇటు... ఆఁ, తప్పుకో, తప్పుకో! పడింది.”

“చూశారా, ఎంత వెలుతురొచ్చిందో!”

“వెలుతురొచ్చింది. గుండు కొట్టించినట్టు కూడా ఉంది.”

“తర్వాతేది మావయ్యా?”

“తర్వాతా? ఈ గడ్డి. గింజ పట్టింది కదా, జినువాయిలు గుంపులుగా దిగుతాయి. పిచ్చుకలో సగముంటుంది ఒక్కోటి. పుల్ల మీద వాలితే పుల్ల వంగుతుంది, కానీ విరగదు.”

“ఈ గడ్డంతానా?”

“ఈ గడ్డంతా.”

“ఇందులో పాముంటే?”

“జినువాయిలున్నచోట...”

“మీరు పిట్టల్ని చూస్తారు మావయ్యా, నేను పాముల్ని చూస్తాను. మీరలా కూర్చోండి, ఇది నేను కోస్తా. కోస్తూ వింటాను. ఎండాకాలం సంగతి చెప్పండి. గూడు పెట్టేది ఏదో ఉంది కదా, నెత్తిన జుట్టు నిక్కబొడుచుకుని?”

“పిగిలిపిట్ట! దాని ఠీవి చూడాలి నువ్వు. కొత్తగా చార్జి తీసుకున్న స్టేషన్ మాస్టరే. దడి మీదికి పాకిందే ఆ ముళ్ళతీగ, దాని లోపలెక్కడో గుట్టుగా పెడుతుంది గూడు. పిల్లి చెయ్యి దూరదు.”

“మేడమ్ చీర చిక్కుకుంటే?”

“ఆవిడ ప్యాంటేసుకుని వస్తుందేమోనమ్మాయ్.”

“ప్యాంటుకి మాత్రం ముళ్ళు గుచ్చుకోవా? ఇటివ్వండి ఆ కత్తి. ఇంకా? ఇంకేమన్నా మిగిలాయా?”

“కూకుడుగువ్వ ఒకటి. విసనకర్రలాంటి జుట్టు. కుళ్ళిన ఆకులకుప్పలో ముక్కు దూర్చి...”

“ఆ కుప్ప పొద్దున్నే ఎత్తించేశానండి.”

“ఓహో. ఎత్తించేశావా.”

“చెత్త బండి వచ్చింది కదా అని.”

“మంచిపని చేశావు. అది మట్టిలో ఎలా వెతుకుతుందో అయినా చెబుతా విను.”

“చెప్పండి మావయ్యా. వింటున్నా.”

సాయంత్రం. మెడలో బైనాక్యులర్‌తో పిట్టల సంఘం మేడమ్ వచ్చింది. ముగ్గురూ పెరట్లో నిలబడ్డారు.

“చాలా... శుభ్రంగా ఉందండీ.”

“మీరొస్తున్నారని పొద్దుట్నుంచీ ఒళ్ళు హూనం చేసుకున్నామండీ, నేనూ మా కోడలూ.”

“అలాగా. మీ ఉత్తరంలో పసిరిక పిట్టలు వస్తాయని రాశారు?”

“వస్తాయండీ. ఆ కొమ్మ మీదికే.”

“ఏ కొమ్మ?”

“అదిగో, అక్కడుండేది.”

“ఎప్పటిదాకా ఉండేదండీ?”

“పొద్దున్నదాకా.”

“సరే. జిట్టంగి?”

“మడుగు దగ్గర తిరుగుతుందండీ.”

“మడుగేదీ?”

“మీరు దాని మీదే నిలబడ్డారు.”

“మేడమ్, టీ తీసుకోండి. చల్లారిపోతుంది.”

“థాంక్సమ్మా. మీ మావగారు ఎంత బాగా రాశారనీ! చదువుతుంటే పిట్టలు కాగితం మీంచి లేచిపోతాయేమో అనిపించింది.”

“ఆయన చెబితే అంతేనండీ. వినాలి.”

“ఒక్క నిమిషం. ఆ గోడవతల పెరడు ఎవరిది? మనిషెత్తు గడ్డి పెరిగిపోయింది?”

“వాళ్ళు ఊళ్ళో ఉండరండీ. ఇల్లు తాళం.”

“గడ్డి నిండా జినువాయిలే! అయ్యో, వైరు మీద పసిరిక పిట్టలు కూడా! రెండా... కాదు, ఇంకా ఉన్నాయి.”

“అవి మావేనండీ! పొద్దున్నే అటు వెళ్ళాయి!”

“మీవే కావచ్చు. కానీ నేనెక్కడ చూస్తే అక్కడివనే రాయాలి కదండీ. మీ పెరట్లో నాకు కనబడింది ఒక కాకి.”

“కాకి పిట్ట కాదా అండీ?”

“పిట్టేనండీ. దాన్ని చూసి బోర్డు మాత్రం ఇవ్వరు. ఏమనుకోకండి. ఆ గోడవతల వాళ్ళ ఫోన్ నంబరేమన్నా ఉందా?”

మేడమ్ వెళ్ళిపోయింది. మామా కోడలూ మిగిలారు.

“గేటు వేసి వచ్చావా?”

“వేశాను. మావయ్యా, ఒక మాట...”

“చెప్పకు.”

“కాదు, నేను కావాలనే...”

“చెప్పొద్దన్నానా? సోమవారం మేస్త్రీ రాగానే కిటికీ తూర్పుకి పెట్టించుకో. పొద్దుటి వెలుతురుంటే సూదిలోకి దారం తేలిగ్గా ఎక్కుతుంది.”

“మీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది? గడ్డి కోసేటప్పుడా?”

“మడుగు పూడ్చేటప్పుడే.”

“అప్పుడేనా! మరి మిగతావన్నీ ఎందుకు చెప్పారు? ఆ కొమ్మ ఊసెత్తకపోతే కొమ్మ ఉండేది. పిట్ట వాలేది. బోర్డు వచ్చేది!”

“వచ్చేది.”

“నోరు మూసుకుని కూర్చుంటే ఈపాటికి పెరడు మీదయ్యేది కదా మావయ్యా!”

“అయ్యేది. కానీ నేను పిట్ట అని నోరు తెరిస్తే చాలు, మీ అత్తయ్య పొయ్యి దగ్గరికి పోయేది, మీ ఆయన ఫోన్లోకి పోతాడు. ఇన్నేళ్ళలో ‘అదెక్కడ కూర్చుంటుంది మావయ్యా’ అని అడిగింది నువ్వొక్కదానివేనమ్మాయ్. కోసేస్తావని తెలిసినా, అంత శ్రద్ధగా అడిగాక చెప్పకుండా ఎలా ఉంటాను?”