గెడ్డ శుభ్రమని కాయితం

చోడవరంలో ఒక చర్చి వరండా. పాస్టర్ శ్యామ్ సుందర్, ఊరి పక్కన పారే గెడ్డ నీళ్ళలోని సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న డెబోరా.

“పోనీ, గెడ్డలో మూడు సెకన్లు ముణిగితే ఎన్ని క్రిములెక్కుతాయమ్మా మనిషికి?”

“అలా లెక్క చెప్పలేం అయ్యగారూ.”

“నోరు మూసుకుంటే?”

“ముక్కుంది. చెవులున్నాయి.”

“ముక్కు నేను మూస్తానమ్మా. బాప్తిస్మం ఇచ్చినప్పుడల్లా నేనే మూస్తన్నాను. ఒక సేత్తో ముక్కు, ఒక సేత్తో నడుం. సెవులకే సెయ్యి లేదు.”

“గెడ్డ వద్దండి. మేడ మీద ట్యాంకుంది కదా, అందులో ముంచండి.”

“పారే నీళ్ళే కావాలంటంది వరమ్మగారు. సంఘం పెద్ద కదా.”

“కుళాయి తిప్పి ఉంచండి. పారతాయి.”

“అదీ అడిగేను. అది పారడం కాదంట, కారడమంట.”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఊరికి పైన బావుంటాది కదా గెడ్డ? అక్కడ ఇళ్ళు లేవు.”

“లేఅవుట్లు పడ్డాయి కదండి. నేను మొదలెట్టినప్పుడు పైన నీళ్ళు మంచివి, బస్టాండు వంతెన కింద మురికి. ఇప్పుడు పైనే ఎక్కువ. మనిషి పేగుల్లో ఉండాల్సిన బాక్టీరియా గెడ్డలో ఉంది. నువ్వే శాంపిల్ సీసాలు తారుమారు చేసేవని మా సార్ తిడతన్నారు.”

“అదెలాగొచ్చింది?”

“సెప్టిక్ ట్యాంకరు. ఇళ్ళల్లో తోడింది తెచ్చి పైనే వొంపేస్తన్నారు.”

“బ్లీచింగ్ జల్లితే?”

“పారే నీళ్ళు కదా, జల్లింది జల్లినట్టే కిందికి పోద్ది.”

“అయితే ఒక కాయితం రాయమ్మా. మూడు సెకన్లకి పర్లేదని.”

“ఎలా రాస్తానండి? అసలు కాయితం ఎవరడిగేరు?”

“పోయినేడు ముణిగినోళ్ళకి దురదలొచ్చేయి కదా. ఈసారి తొమ్మిదిమంది పేర్లిచ్చేరు, ఎనిమిదిమంది తప్పుకున్నారు. ఆ ఒక్కడూ రాపోతే ఆదివారం నీళ్ళలో నేనొక్కణ్ణే నిలబడాలి. సెప్పుకుంటే సిగ్గు గానీ, ఏడుపొచ్చేసిందమ్మా.”

“ఆ ఒక్కరూ వస్తారా?”

“వస్తాడు. నిజంగా మనసు మారింది ఆయనకి. కాకపోతే శుభ్రమని కాయితం సూపిస్తేనే దిగుతాడంట. గెడ్డలో ఏటుందో నాకు తెల్సు అయ్యగారూ అంటాడు.”

“ఆయనకెలా తెలుసు?”

“తెలుసులే.”

“ఎవరండీ?”

“ప్రేమ్‌కుమార్.”

“ఏ ప్రేమ్‌కుమార్?”

“మంచోడేనమ్మా. ప్రతి ఆదివారం ముందు బెంచీలోనే కూర్చుంటాడు.”

“అయ్యగారూ, ఏ ప్రేమ్‌కుమార్?”

“ఆ ట్యాంకరు ఆయన్దేనమ్మా.”