ఒంటిచేతి దీవెన

అది కాదు అసన్‌కుల్ బాబాయ్, మనిషన్నవాడు ఒక ఫంక్షన్ హాలు కట్టుకుంటానంటే ఇన్ని ఆఫీసులా? మంటలార్పేవాళ్ళు ఒప్పుకున్నారు. నీళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. భూకంపాలు చూసేవాడైతే కుర్చీలోంచి లేవకుండానే, "పడితే పడుతుందిలే" అని ముద్ర కొట్టాడు. ఆగింది ఎక్కడయ్యా అంటే, నీడ దగ్గర.

నీడ, బాబాయ్. నా మూడంతస్తుల నీడ మీ దక్షిణపు కిటికీ మీద పడుతుందట. కిటికీ గలాయన సరేనంటే తప్ప అనుమతి రాదట. ఈ కల్మురాత్ నీడకి అంత విలువుందని మా ఆవిడక్కూడా తెలీదు. తెలిస్తే అదీ అద్దెకిచ్చేది.

ఇదిగో, ఇంకో చెంచా. మింగండి. గడ్డం మీద కారింది, తుడుస్తా ఉండండి. పొట్టేలు తలకాయ ఉడికించిన రసం. తలకాయ కూడా తెచ్చాను, అదిగో పళ్ళెంలో, మీకేసే చూస్తోంది. ఈ వీధికంతటికీ పెద్దవారు మీరు. తలకాయ ఎవరి ముందు పెట్టాలో నాకు తెలీదనుకున్నారా?

తెలుసు. తెలిసే ఆ రోజు మా ఇంటి విందులో ఎమిల్బెక్ ముందు పెట్టాను. ఇంకా మీసం కూడా సరిగ్గా మొలవనివాడు, అయినా భవనాల ఆఫీసుకి పెద్ద కదా అని. మీకు మెడ ఎముక వేశాను. నా తెలివి అలాంటిది మరి. చివరికేమైంది? తలకాయ తిన్నవాడు వారం తిరక్కుండా బదిలీ అయిపోయాడు. మెడ ఎముక దక్కినాయన మాత్రం నా గోడ పక్కనే ఉండిపోయారు.

మీరేం చేశారు? చేతులు తుడుచుకుని లేచారు. తిన్నాక అరచేతులు ఆకాశానికి చాపి దీవించాల్సిన పెద్దమనిషి, చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. "పోన్లే, అరచేతులు నేలకి తిరగేసి శపించలేదు, అదే పదివేలు" అని మా ఆవిడ మర్నాడు కీడు తగలకుండా నూనెలో రొట్టెలు వేయించి వీధంతా పంచింది. మీ ఇంటికి పంపినవి మీ కుక్క తింది. గోడ మీంచి చూశాను లెండి.

ఆ తర్వాత మీ గుమ్మానికి ఎన్నిసార్లు రాలేదు? "ఎండ దేవుడిదిరా, నువ్వు అడ్డం రాకు" అన్నారు. అప్పుడు మాటుండేది మీకు. ఇప్పుడు కుడిపక్కతో పాటు అదీ పడిపోయింది. నేను కోరుకున్నానని కాదు. నేను కోరుకుంటే జరిగేటట్టయితే ముందు ఆఫీసులు ఖాళీ అయ్యేవి.

అలా చూడకండి. ఒక కన్ను ఎటో చూస్తుంటే, రెండో కన్ను ఎంత ఉరిమినా ఎవరు భయపడతారు?

ఎండ మీ దుప్పటి మీద మోకాళ్ళ దాకా పాకింది. బాగానే ఉంది. కానీ మీకెందుకిది? ఆ కుడి మోకాలికి వేడో చలో తెలిసి చస్తే కదా. అదే హాలు వచ్చిందనుకోండి, వారం వారం పెళ్ళిళ్ళు, పాటలు. మంచం దిగకుండానే ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ వెళ్ళినట్టు.

మీ కూతురు బుర్మాకన్ బయట నోటరీకి టీ పోస్తోంది. మంచి పిల్ల. మీ పక్కబట్టలు ఉతికి ఉతికి దాని చేతులు పగిలిపోయాయి. నిన్న గుమ్మంలో నాతో ఏమందో తెలుసా? "అన్నయ్యా, హాల్లో వంట పని నాకే అన్నావు, రేపు మాట మార్చవుగా" అంది. మీకు చెప్పలేదా? పోన్లెండి, మీరు అడిగుండరు.

ఆ నోటరీకి రోగుల గది వాసన పడదట. "మాట రాకపోతేనేం, అడిగినప్పుడు చెయ్యెత్తితే చాలు, తలుపు దగ్గర నిలబడి చూస్తా" అన్నాడు. మీ ఎడమ చెయ్యి భేషుగ్గా ఉంది. ఇందాక చెంచా తోసేసినప్పుడే చూశాను.

నోటరీ గారూ, ఇలా రండి. చెల్లెమ్మా, నువ్వూ రా, సాక్షివి.

బాబాయ్, అందరి ముందూ అడుగుతున్నా. నేను హాలు కట్టుకోవడం మీకు సమ్మతమేనా? తలకాయ మీ ముందు పెట్టాను. దీవించండి.

ఎత్తండి. నేను పట్టుకోకూడదు, పట్టుకుంటే చెల్లదట. ఆఁ, లేస్తోంది. చూస్తున్నారా? భుజం దాకా వచ్చింది.

బాబాయ్, అరచెయ్యి. అరచెయ్యి పైకి ఉండాలి. అటు కాదు. తిప్పకండి.

తిప్పారు.

నోటరీ గారూ, మీరెందుకు వెనక్కి జరుగుతారు? ఆయన తిప్పింది మీకేసి కాదు. చెయ్యి ఎత్తారా లేదా? ఎత్తారు. అది రాసుకోండి. అరచెయ్యి నేలకేసి ఉందా ఆకాశానికేసి ఉందా అని మీ చట్టం అడుగుతుందా? అడగదు. చెల్లెమ్మా, నువ్వేం చూశావు? గట్టిగా చెప్పు.

విన్నారా బాబాయ్? టీ గిన్నెలోకి చూస్తూ అంటోంది, "ఎత్తారు" అని.

వెళ్ళొస్తాను. తలకాయ ఇక్కడే ఉంచుతున్నా, కుక్కకి వేయించుకోండి. చెయ్యి దించండి, ఇంకా ఎందుకలా పట్టుకోవడం, పని అయిపోయింది. ఒంటిచేత్తో పెట్టిన శాపం, తగిలినా సగమే తగులుతుంది.

నాలో ఏ సగానికో, అది మీకే తెలియాలి.