కాలవలో రంగు లేదు

మురుక్కాలవలో నీళ్లు తేటగా పారడం చూసి, మరదలి అద్దకం షెడ్డు మూతపడిందనుకున్నారు బావగారు. కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి, కారులోనే కూర్చోమని, తాను ఆదరాబాదరాగా లోపలికి వచ్చారు.

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదమ్మా. మంచి ధర ఇస్తానంటున్నాడు, షెడ్డు అమ్మేయ్.”

“అమ్ముకునేంత కష్టం ఏమొచ్చింది బావగారూ?”

“కాలవ చూస్తే తెలియడంలా? ఇక్కడ ఏ రంగు అద్దుతున్నారో దాన్ని చూసేగా వీధంతా చెప్పేది.”

“అవి వాన నీళ్లు. మేం వాడిన నీళ్లు శుభ్రం చేసి మళ్లీ మేమే వాడుకుంటున్నాం. కళ్లజోడు పెట్టుకుని తొట్లు చూడండి.”

తొట్లన్నీ ఎర్రగా మరుగుతున్నాయి. ఒక్కటీ ఖాళీగా లేదు.

“పెద్ద ఆర్డరు కాలదన్నుకున్నావుగా! అప్పుడే మునిగావనుకున్నాను.”

“అది ఒప్పుకుంటే మేం రెండింతలయ్యేవాళ్లం, శుభ్రం చేయలేనన్ని నీళ్లు పారి కింద వీధి బావులు పూర్తిగా పాడయ్యేవి.”

“ఎదుగుదల వద్దనే వ్యాపారం నేనెక్కడా చూళ్లేదు.”

“ఎవరు వద్దన్నారు? ఈ ఏడు అందరికీ కూలి పెరిగింది. కింద వీధి బావి నీళ్లు తాగొచ్చని పరీక్షలో తేలింది. ఇది ఎదుగుదల కాదా?”

బావగారు బయట కారు వైపు చూశారు.

“అయితే అమ్మనంటున్నావని చెప్పమంటావా?”

“నేనొక్కదాన్నే ఎలా చెబుతాను? పనిచేసే వాళ్లందరం ఇప్పుడు సమాన భాగస్థులం.” ఆమె లోపలికి తిరిగి గొంతెత్తింది. “షెడ్డు అమ్మేద్దామా అని బావగారు అడుగుతున్నారు.”

ఆవిరి మాటునుంచి షెడ్డు అదిరేలా నవ్వులు వినిపించాయి.

బావగారు కారు దగ్గరకు నడిచారు.

“మీరు బయల్దేరండి,” అన్నారు, మీసం సవరించుకుంటూ. “మా షెడ్డు అమ్మేది కాదు.”