జేబులో మెరుపు

కంసాలి కొట్లో అక్క ఒక గుడ్డముక్క పరిచింది. మనవరాలి మెళ్ళోకి చిన్న పూస చేయించాలని నెలరోజులు పాత కంప్యూటర్ల బోర్డులు విరిచి, యాసిడ్‌లో నానబెట్టి తీసిన బంగారమంతా, వడకట్టేసరికి ఆ గుడ్డ నేతలోనే ఇరుక్కుపోయింది. కంసాలి ఆమె తమ్ముడే.

“కాగితంతో వడకట్టమన్నాను కదక్కా?”

“కాగితం చిరిగిపోయింది. కంగారులో చేతికందిన గుడ్డ పట్టాను. నేను చూసి చేసిన పుస్తకంలో గుడ్డ వద్దని రాయలేదు.”

“పుస్తకం చదివి ఈత నేర్చుకున్నట్టుంది.”

“ఇంకా మునగలేదులే! దులిపి తియ్యి.”

“దులిపితే గాలికి పోతుంది. గుడ్డతో సహా మట్టిమూసలో పెట్టి కాల్చాలి. ఆ బూడిదలో వెలిగారం వేసి కరిగిస్తే ఆవగింజంత పూస దిగుతుంది.”

“కాల్చాలా? సూదితో గీకితే రాదూ?”

“సగం అందులోనే ఉండిపోతుంది. పాతగుడ్డకి ఇంత ఆలోచనేమిటి?”

“మీ బావ చొక్కారా అది. ఆయన పోయాక అదొక్కటే మిగిలింది.”

తమ్ముడు గుడ్డను మెల్లగా ఆమెవైపు జరిపాడు.

“తీసుకెళ్ళక్కా. నా దగ్గరున్న పూస ఒకటిస్తాను, నువ్వు చేసిందేనని చెప్పు.”

“అబద్ధాన్ని మెళ్ళో కట్టి పంపనా? పిల్ల రేపు ఓడ పనికి వెళ్తోంది, ఏడాదిదాకా రాదు. మీ బావని ఒట్టి చేతులతో సాగనంపాను. ఇంకోసారి నావల్ల కాదు.”

“పోనీ, జేబు ముక్కైనా కత్తిరించి దాచుకో.”

“జేబులోనే ఎక్కువ మెరుస్తోంది, చూడు.”

ఆమె గుడ్డను తనే నాలుగు మడతలు పెట్టి మూసలో ఉంచింది.

“ఇక కళ్ళు తుడుచుకుని కొలిమి ఊదు” అంది తమ్ముడితో.