సగం ఆపిల్ చాలు

అక్టోబరు మధ్యాహ్నం, మిన్నెసోటాలో ఓ చిన్న ఊరు. తమ్ముడు లాయిడ్ పోయిన రెండేళ్ళకి వెర్నా మొదటిసారి మరదలు ఆర్డిస్ వంటింట్లో అడుగుపెట్టింది. అవసరం అలాంటిది మరి.

"కేల్ ఆకుకి ఈనెలు తీసెయ్యాలా, ఉంచాలా?"

"తీసెయ్యాలి వదినగారూ. తీసి, చిటికెడు ఉప్పేసి, ఆకుని చేత్తో పిసకాలి. అలా కాదు, ఇంకా గట్టిగా. గొంతు పిసికినట్టు."

"ఏం మాటలే అవి!"

"చేతికి పట్టు తెలియాలని అన్నా. రాసుకుంటున్నారా?"

"రాస్తున్నాగా. కేల్, క్యాబేజీ, క్యారెట్ తురుము, పచ్చి బీట్‌రూట్ తురుము..."

"నిమ్మరసం. గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు. పంచదార వద్దు. సీసాల్లో అమ్మే ఆ తెల్లటి క్రీమూ వద్దు."

"పంచదార లేకుండా ఇది గొంతులో ఎలా దిగుతుందే?"

"మీ తమ్ముడికి దిగలేదూ, నాలుగేళ్ళు?"

"జ్యూస్ చెప్పు."

"మాట తప్పించారు."

"జ్యూస్ చెప్పవే ఆర్డిస్, బతిమాలించుకోకు. ఇంతదూరం నడిచొచ్చా."

"నడిచొచ్చారా? బండేమైంది?"

"పికప్ మీ అన్నయ్యకి కావాలిట. నువ్వు చెప్పు."

"రెండు కీరాలు, నాలుగు సెలరీ కాడలు, గుప్పెడు పాలకూర, చిన్న అల్లం ముక్క. ఆపిల్ సగం. పుల్లటి పచ్చ ఆపిలే వెయ్యాలి. సగం చాలు. సగం దాటితే అది మిఠాయి కిందే లెక్క."

"సగమే వేస్తున్నానే! నేనూ సగమే వేస్తున్నా. అదేగా నాకు అర్థం కానిది."

"ఏది?"

"మూడు నెలలైంది. పొద్దున్నే జ్యూస్. మధ్యాహ్నం సలాడ్. రాత్రికి మళ్ళీ సలాడ్. ఇంట్లో పంచదార డబ్బా కూడా ఉంచలా, తీసుకెళ్ళి పక్కింటావిడకి ఇచ్చేశా. అయినా మా ఆయన హార్లన్‌కి షుగర్ దిగదే! ఒక్క గీత కూడా దిగదు. నిన్న డాక్టర్ నావంక ఎలా చూశాడనుకున్నావ్?"

"దొంగని చూసినట్టు."

"అదే! సరిగ్గా అదే చూపు. ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా, నాకు నిజం చెప్పండి అన్నాడు. నర్సు ముందరే. తలకొట్టేసినట్టయింది నాకు. కుడి పాదం రంగు మారిందే ఆర్డిస్. ఈ నెలలో దిగకపోతే బొటనవేలు తీసేస్తారట. వేలితో ఆగుతుందా? మా లాయిడ్‌కి వేలితో మొదలై మోకాలిదాకా పోయింది. రాత్రిళ్ళు లేచి ఆయన పాదం తడిమి చూస్తున్నా. నాకు భయంగా ఉందే."

"ఉంటుంది. నాకూ ఉండేది. అప్పుడు మీ దగ్గరికే వచ్చా, గుర్తుందా?"

"ఎప్పుడు?"

"మీ తమ్ముడికి వేలు తీసిన వారం. చర్చి వంటింట్లో. మీరు జెల్లో కలుపుతున్నారు. వణికే ఆ పచ్చటి తీపి జెల్లీ, అందులో మార్ష్‌మాలో మిఠాయిలు, పైన క్రీము. దాన్నీ సలాడ్ అనే అంటారు మన చర్చిలో."

"పిల్లలు ఇష్టంగా తింటారే."

"వదినా, అన్నీ కొలిచే పెడుతున్నా, ఆయనకి దిగట్లేదు, నా చేతిలోనే ఏదో లోపముంది అని మీ ముందు ఏడ్చా. మీరేమన్నారు?"

"ఏమో. ఏదో అనుంటా. అన్నీ గుర్తుంటాయా?"

"కాస్త నిమ్మరసం పెంచి చూడవే, అన్నారు."

"మంచి మాటే కదా!"

"అని, అటు తిరిగి నవ్వారు. భుజాలు కదిలాయి."

"నీ కళ్ళకి అన్నీ అలాగే కనిపిస్తాయి. ఓవెన్‌లో ఏముందే? దాల్చినచెక్క వాసనొస్తోంది."

"బీట్‌రూట్లు కాలుతున్నాయి."

"బీట్‌రూట్‌కి దాల్చినచెక్కా?"

"గడ్డి వంటలు కదండీ నావి. ఇలాగే ఉంటాయి."

"ఆ మాట నేననలేదు."

"ఎవరన్నారు మరి? నా సలాడ్ గిన్నె అడుగున టేపు అంటించి, పేరు రాసి, ప్రతి ఆదివారం చర్చి భోజనాలకి తెచ్చేదాన్ని. సాయంత్రానికి ఖాళీ గిన్నె, తళతళా కడిగి, నా చేతికొచ్చేది. అందరూ తిన్నారనుకుని ఇంటికెళ్ళేదాకా మురిసిపోయేదాన్ని."

"తిన్నారే..."

"వదినగారూ."

"అబ్బా! చెత్తబుట్టలో వేసేవాళ్ళం. సరేనా? నీ మనసు కష్టపెట్టడమెందుకని కడిగి ఇచ్చేవాళ్ళం. పాస్టరుగారు ఒకసారి తిని, మా కుందేలుకి నచ్చుతుంది అన్నారు. ఇంకెవరు తింటారు?"

"ఎవరు వేసేవారు చెత్తబుట్టలో?"

"ఎవరో ఒకరు."

"ఎవరు?"

"నేనే. చాలా? ఇప్పుడా గడ్డి కోసమే నీ ముందు కూర్చుని పలక పట్టిన పిల్లలా రాసుకుంటున్నా. కడుపు నిండిందా?"

"ఇంకా లేదండీ. మీ తమ్ముడు బుధవారాలు ఎక్కడికెళ్ళేవారు?"

"నాకేం తెలుసు?"

"చలికాలం చర్చిని వెచ్చబెట్టే బాయిలర్ బాగుచెయ్యాలనేవారు. ప్రతి బుధవారం, రెండింటికి. నాలుగేళ్ళు."

"పాత బాయిలర్ మరి."

"జూలైలో కూడానా?"

"ఈ క్యారెట్ ఇంకా సన్నగా తురమాలా?"

"ఈ ఫోర్కు చూడండి. పిడిమీద ఎర్ర గోళ్ళరంగు చుక్క. మన చర్చి ఫోర్కులకే ఉంటుంది ఆ చుక్క. పెట్టేది మీరే. ఆయన పోయాక పికప్ అమ్మిన రోజు సీటుకింద దొరికింది."

"ఇటివ్వు, తీసుకెళ్ళి అక్కడ పెట్టేస్తా."

"దానికింకా పనుంది. ముందు చెప్పండి."

"ఏం చెప్పమంటావే! వాడు నా తమ్ముడు. కళ్ళు గుంటలుపడి వచ్చేవాడు. అక్కా, మా ఇల్లంతా పచ్చగడ్డి వాసనే అనేవాడు. మా అమ్మ చేసే ఆపిల్ కేకు ఒక ముక్క పెట్టా. తప్పా?"

"ఒక ముక్క."

"రెండు. సరే, పళ్ళెం. అడిగితే లేదనలేకపోయా. పాపం, మగాడు ఎన్నాళ్ళని గడ్డి తిని బతుకుతాడే?"

"డాక్టర్ వద్దన్నారని మీకు తెలుసు."

"డాక్టర్లు వంద చెబుతారు."

"వేలు తీశాక కూడా పెట్టారా?"

"అప్పుడు మరీ బెంగగా ఉండేవాడే."

"కాలు తీశాక?"

"కింద చర్చి వంటింటికి మెట్లు దిగలేకపోయేవాడు. నేనే పికప్ దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. అలా చూడకే! ప్రేమతోనే పెట్టా."

"నేనేమో నా వంటే సరిగా లేదని ఇంకా తగ్గించా. ముందు రొట్టె మానిపించా. తర్వాత బంగాళాదుంప. క్రిస్మస్‌నాడు ఆయన నా పళ్ళెంలో మాంసం ముక్క మీద చెయ్యి వేస్తే ఆ చేతిమీద కొట్టా. ఇప్పటికీ ఆ దెబ్బ నా చేతికి గుర్తుంది. ఆయనతోపాటు నేనూ ఆ ఆకులే తిన్నా, తెలుసా? ఊపిరి పోయేదాకా నిజం చెప్పలేదాయన. మిమ్మల్ని దాచి, నన్ను దొంగని చేసి పోయారు."

"వాడికి నేనంటే అంత..."

"అంత్యక్రియలనాడు, శవపేటిక ఇంకా పైన చర్చిలోనే ఉంది. మీరు కింద కాఫీ పోస్తూ ఏమన్నారు ఊళ్ళోవాళ్ళతో?"

"ఏడుపులో ఏవో అంటాం."

"నా తమ్ముణ్ణి ఎండబెట్టి చంపింది, అన్నారు."

"ఏడుపులో అన్నానంటున్నాగా!"

"ఊరు నమ్మింది. రెండేళ్ళయింది, ఒక్కరు నా గుమ్మం తొక్కలా. నా చేతి కాఫీ తాగలా."

"ఇప్పుడేం చెయ్యమంటావ్? కాళ్ళు పట్టుకోనా? పట్టుకుంటా. హార్లన్ కోసం పట్టుకుంటా."

"వద్దండీ. బీట్‌రూట్ చేతులు, మరకలవుతాయి."

"మీ అన్నయ్యని బతికించవే ఆర్డిస్. నాకు తమ్ముడూ లేడు. ఆయన తప్ప ఎవరున్నారు చెప్పు? అన్నీ నువ్వు చేసినట్టే చేస్తున్నా. ఎక్కడ తప్పు జరుగుతోందో నీకొక్కదానికే తెలుస్తుంది."

"తెలుసు. చెబుతా. అన్నయ్యగారు మధ్యాహ్నాలు ఎటైనా వెళ్తారా?"

"ఎక్కడికెళ్తారు? ధాన్యం గిడ్డంగి దగ్గర ఆ ముసలాళ్ళతో కాఫీకి. నల్ల కాఫీ. బైబిలు మీద ఒట్టేయించుకున్నా."

"రోజూనా?"

"లేదు, వారానికోసారి. బుధ..."

"ఆఁ?"

"ఆర్డిస్."

"చెప్పండి."

"సింకులో ఈ తొక్కలేంటే? బుట్టెడు ఆపిల్ తొక్కలు. జ్యూస్‌కి సగం చాలన్నావు కదా."

"జ్యూస్‌కి సగం చాలు."

"మరి ఇవన్నీ ఎవరికి? ఇందాకట్నుంచీ గడియారం ఎందుకు చూస్తున్నావ్? ఎవరే వాకిట్లో? ఆ పికప్... మాదే. అది మా పికప్పే! హార్లన్ ఇక్కడికెందుకొస్తున్నాడు?"

"ఇవాళ బుధవారం కదండీ."

"ఎన్నాళ్ళనుంచే?"

"మీరు జ్యూస్ మొదలుపెట్టిన వారం నుంచి. ఎప్పుడో మీ తమ్ముడి దగ్గర తీసుకున్న నిచ్చెన తిరిగిచ్చి పోదామని వచ్చారు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఒక ముక్క పెట్టా."

"ఒక ముక్క..."

"రెండు. సరే, పళ్ళెం."

"ఏం పెడుతున్నావే ఆయనకి? ఓవెన్ తెరువు! తెరువు ముందు!"

"మీ అమ్మగారి ఆపిల్ కేకే. చర్చి వంటల పుస్తకంలో మీరు రాసింది రాసినట్టు. పంచదార ఒక్క చెంచా కూడా తగ్గించలా."

"ఆయన పాదం నల్లబడుతోందే రాక్షసీ!"

"తెలుసండీ. పోయిన బుధవారం సాక్సు విప్పి చూపించారు."

"నాకు చెప్పాలనిపించలేదా నీకు?"

"అనిపించింది. నిమ్మరసం పెంచమని కబురు చేద్దామనుకున్నా."

"నేను పెట్టింది ప్రేమతోనే! నీలా తెలిసి చంపడానికి కాదు!"

"మీకూ తెలుసు వదినగారూ. వేలు తీశాక తెలుసు, కాలు తీశాక తెలుసు. కూర్చోండి, అలా అడ్డం నిలబడితే ఆయనకి దారి ఉండదు. రండి అన్నయ్యగారూ, తలుపు తీసే ఉంది! మీ ఫోర్కు బల్లమీదే పెట్టా. వదినగారిని చూసి మొహమాటపడకండి, మీ సంగతి ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? పాపం, మగాడు ఎన్నాళ్ళని గడ్డి తిని బతుకుతాడు!"