నాచు పట్టని రాయి

పొద్దున తొమ్మిదిన్నర. ఫెళ్ళున ఎండ, మబ్బు తునక లేదు. "మరి నీళ్ళెట్లా లేచాయి పిన్నీ?" అంటావేంటే, అదే కదా నేను చెప్పేది!

మా రేష్మా నందిగామలో డిగ్రీ కదా, సముద్రపు నాచు మీద ప్రాజెక్టు ఇచ్చారు దానికి. "బందరు దగ్గరే కదే సముద్రం, అక్కడ పీక్కో" అన్నా. అక్కడ సరిగా పట్టదంటమ్మా. నాచుకి వేరుండదు, రాయిని కరుచుకుని బతుకుద్ది. బందరు వైపంతా బురద, ఇసక. కృష్ణ నీళ్ళు కలిసి ఉప్పు తగ్గుద్ది, బురద నీళ్ళల్లో ఎండ దిగదు. రాయుండాలి, తేట ఉప్పునీళ్ళుండాలి, ఎండ తగలాలి, అల మరీ మోదకూడదు. మన మిరప నారుకి కూడా ఇన్ని వంకలుండవు! అందుకని భీమిలి వైపు బయల్దేరాం. మీ బాబాయి కారు తీశాడు. మా ఆడపడుచు మస్తానమ్మ వదిన, "నేనూ వస్తా" అని ముందే ఎక్కి కూర్చుంది.

సముద్రం వెనక్కి పోయి రాళ్ళన్నీ బయటపడున్నాయి. అబ్బ, ఏం చెప్పను! ఒకటి పచ్చగా, పల్చగా, జాకెట్టు గుడ్డ తడిపి పరిచినట్టు. ఇంకోటి ఎర్రగా, కుచ్చులు కుచ్చులు. నాకు పిచ్చెక్కింది. "రేష్మా, ఇదిగో! ఇక్కడ చూడు!" అని ఈ రాయి మీంచి ఆ రాయి మీదికి పోతానే ఉన్నా. మీ బాబాయి ఒడ్డునే ఉన్నాడు, చెప్పులు తడుస్తాయని.

రేష్మా ఫోన్లో టైము చూసి "అమ్మా, పోటు వస్తోంది, నీళ్ళు పెరుగుతాయి, పద" అంది. వాళ్ళ సారు రాసిచ్చాడు ఆ టైములు. నేనేమన్నానో తెలుసా? "పెనుగంచిప్రోల్లో మున్నేరు చూస్తా పెరిగినదాన్ని. వాన లేందే నీళ్ళెట్లా లేస్తాయే?" అన్నా. మా నాన్న చెప్పేవాడు, ఎండ కాస్తంటే ఏరు దాటొచ్చని. కాదులే, పైన ఖమ్మంలో కూడా ఎండుంటేనే అనేవాడు. ఇంకొక్కటి సీసాలో వెయ్యి, ఇంకొక్కటి అని నేనే ఆపా దాన్ని. నేనే.

వెనక్కి తిరిగితే వచ్చిన దారి లేదు. వచ్చేప్పుడు మడమల్లోతున్న పాయ నడుముల్లోతైంది. అల వచ్చి వదిన్ని మోకాళ్ళ మీద కూలేసింది. లేస్తానే అంది చూడూ, "ఖమ్మంలో వానేమో, ఫోన్ చేసి కనుక్కో!"

నాకు నవ్వు రాలా. దాటేద్దామని రేష్మా చెయ్యి పట్టి లాగా. అది విదిలించుకుంది. "దిగొద్దమ్మా! రాళ్ళు చూడు. నాచుందంటే రోజూ నీళ్ళొచ్చే చోటది. దాని పైన తెల్ల గుల్లలున్నాయే, అక్కడికీ వస్తాయి. రెండూ లేని రాయెక్కాలి."

అట్లాంటిది ఒకటే ఉంది, మంచమంత. పైన పిట్టరెట్ట ఎండిపోయుంది. రెట్టని చూసి అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నేనేమో!

ఎక్కి ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు పట్టుకు కూర్చున్నాం. ఒడ్డున మీ బాబాయి అటూ ఇటూ పరుగు. ఈత రాదు, అయినా దిగబోతే ఎవరో చేపలాయన నడుం పట్టుకుని ఆపాడంట. నీళ్ళు నాచుని ముంచాయి. గుల్లల్ని ముంచాయి. నా పాదాలకి జానెడు కింద ఆగాయి. అక్కడే ఆగాయే! అది చెప్పినట్టే!

రేష్మా నా వీపు మీద చెయ్యేసింది.

సాయంత్రం నాలుగున్నరకి దారి తేలింది, నడిచొచ్చాం. మీ బాబాయి నాచు సీసాలు తీసుకుని డిక్కీలో సర్దాడు.

నువ్వూ సముద్రానికి పోతానంటున్నావు కదా కాలేజీ వాళ్ళతో. పోమ్మా, చల్లగా వెళ్ళి రా. నువ్వు చెప్తే వినే పెద్దాళ్ళు దొరకాలి నీకు.

తెల్లారేసరికి జగ్గయ్యపేటలో ఉన్నాం. గుమ్మంలో నిలబడి చూశా. మీ బాబాయి చెప్పులు విడిచాడు. వదిన మంచినీళ్ళడిగింది. రేష్మా సీసాలు పట్టుకుని లోపలికెళ్ళింది. ముగ్గురు. నాతో నలుగురం. నలుగురమే కదే వెళ్ళింది... నలుగురం వచ్చాం.