కుర్చీ లేని పిల్ల

బడి వదిలేశారు. ఖాళీ తరగతిలో టీచరు పుస్తకాలు సర్దుతోంది. తల్లి గుమ్మంలోనే నిలబడి, హ్యాండ్‌బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తోంది.

"ఇవాళైనా ఇస్తారా మేడమ్? మీ రిపోర్టు రానిదే మా అమ్మాయికి ఏడీహెచ్‌డీ, అదే ఆ కుదురులేని సమస్య, ఉందో లేదో తేల్చలేనంటున్నారు డాక్టరుగారు."

"లోపలికొచ్చి కూర్చోండమ్మా."

"కూర్చునే ఓపిక లేదండీ. మీ చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాయి. ఆ ఫారంలో నాలుగు టిక్కులు పెట్టడానికి ఇన్నాళ్ళా?"

"అన్నీ పెట్టాను. ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. 'కుర్చీలోంచి ఎంత తరచుగా లేస్తుంది?' అని."

"అదీ ఒక ప్రశ్నేనా! దాని కాలు ఒకచోట నిలవదు. 'మాటిమాటికీ' అని పెట్టేయండి."

"ఎలా పెట్టను? నా క్లాసులో పాపకి కుర్చీ లేదు."

"లేదా? రోజంతా నిలబెడుతున్నారా నా బిడ్డని?"

"కోప్పడకండి. కిటికీ పక్కన ఆ ఎత్తుబల్ల చూడండి. అక్కడ నిలబడి, ఊగుతూ ఊగుతూ లెక్కలన్నీ చేసేస్తుంది. లేవదని రాస్తే డాక్టరు ఏ సమస్యా లేదనుకుంటారు. లేస్తుందని రాస్తే అబద్ధం."

"కుర్చీ తీసేశానని రాయండి, అయిపోతుంది కదా."

"సరే, అదే రాస్తాను. ఇంట్లో వాళ్ళకీ ఇలాంటి ఫారమే ఇస్తారుగా, అందులో మీరేం పెట్టారు?"

"నాదీ ఇంకా ఇవ్వలేదు మేడమ్. నేనూ అక్కడే ఆగిపోయాను."

"మీరెందుకు ఆగారు?"

"హోంవర్కు అయ్యేదాకా దాన్ని తువ్వాలుతో కుర్చీకి కట్టేస్తాను. లేవదు."